రైతు అంటే ఎవరు?
వ్యవసాయ చట్టాల సవరణలో స్త్రీల ప్రశ్న

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయ చట్టాల మీద మాట్లాడదామంటే మీలో కొందరికి ఇది మన పని కాదేమో అనిపించి ఉండొచ్చు. వరకట్నం, గృహహింస, పనిచోట వేధింపులు - వీటికి సంబంధించిన చట్టాలు మనకు కొట్టిన పిండి. మార్కెట్ యార్డు, కౌలు కార్డు, పాసుపుస్తకం అనగానే అది రైతు సంఘాల వ్యవహారం, రైతు సంఘం అంటే మగవాళ్ళ వ్యవహారం అనే ఒక అలవాటు సమాజంలో బలంగా ఉంది. ఆ అలవాటు చట్టంలోకి కూడా ఎట్లా చేరిందో, దాన్ని మార్చే అవకాశం ఇప్పుడు ఎక్కడ ఉందో చెప్పడమే ఈరోజు నా పని.

రెండు అంకెలతో మొదలుపెడతాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పనిచేసే స్త్రీలలో నూటికి 65 మంది వ్యవసాయం మీదే ఉన్నారు. అందులో 24 మంది సాగుదారులు, 41 మంది కూలీలు. ఇక 2015-16 వ్యవసాయ గణన తీసుకోండి. దేశం మొత్తం మీద స్త్రీల పేరుతో ఉన్న కమతాలు నూటికి 14 మాత్రమే. విత్తనం పెట్టేది, కలుపు తీసేది, నాటు వేసేది, పత్తి తీసేది, మిరపకాయ కోసేది స్త్రీ. కాగితం మీద రైతు మాత్రం ఆమె భర్త, లేదా మామ, లేదా కొడుకు, అదీ కాకపోతే పట్నంలో ఉండే భూయజమాని.

ఈ తేడా కేవలం గౌరవానికి సంబంధించిందైతే ఇంత దూరం వచ్చి మాట్లాడనక్కరలేదు. రైతు అనే మాటకు ఇవాళ చాలా విలువ ఉంది. బ్యాంకు అప్పు, పంటల బీమా, పెట్టుబడి సాయం, కరువు వరదల్లో నష్టపరిహారం, మద్దతు ధరకు అమ్ముకునే వీలు, చివరికి చనిపోతే కుటుంబానికి వచ్చే సాయం - అన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ మాటలోకి రానివాళ్ళకు శ్రమ మిగులుతుంది, అప్పు మిగులుతుంది.

ఈ చట్టాలు ఎవరు చేస్తారు? రాజ్యాంగంలో వ్యవసాయం, భూమి, మార్కెట్లు - మూడూ రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అయినా 2020లో కేంద్ర ప్రభుత్వం, ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడి జాబితాలో ఉందన్న ఆధారంతో మూడు సాగు చట్టాలు తెచ్చింది. వాటికి వ్యతిరేకంగా ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా ఏం జరిగిందో మీకు తెలుసు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు విచారణలో, ఈ ఆందోళనలో ఆడవాళ్ళను, ముసలివాళ్ళను ఎందుకు ఉంచారన్న ప్రశ్న వచ్చింది. అదే నెల 18న దేశమంతటా మహిళా రైతుల దినం జరిపి స్త్రీలు దానికి జవాబు చెప్పారు. మమ్మల్ని ఎవరూ తీసుకొచ్చి ఉంచలేదు, మేమూ రైతులమే కాబట్టి వచ్చామన్నారు. 2021 నవంబరులో పార్లమెంటు ఆ మూడు చట్టాలనూ రద్దు చేసింది.

రద్దుతో సమస్య అయిపోలేదు, అది మళ్ళీ రాష్ట్రాల చేతికొచ్చింది. 2024 నవంబరులో కేంద్రం వ్యవసాయ మార్కెటింగ్ మీద ఒక జాతీయ విధాన ముసాయిదా తయారుచేసి రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారిన తర్వాత కొత్త కౌలు చట్టం చర్చకు వచ్చింది. తెలంగాణలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకొచ్చింది. అంటే పాత చట్టాలను తిరగరాసే పని మన కళ్ళముందే నడుస్తోంది. రాసేటప్పుడు మనం అక్కడ లేకపోతే, రాసిన తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళు దాని కిందే బతకాలి.

మొదట మార్కెట్ చట్టం సంగతి చూద్దాం. నిజాం పాలనలో హైదరాబాద్ రాష్ట్రానికి 1339 ఫసలీలో, అంటే 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు ప్రభుత్వం 1933లో చేసిన వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం ఉండేది. రెండు ప్రాంతాలకూ కలిపి 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం చేశారు. దాని ఉద్దేశం మంచిదే. రైతు తన పంటను ఊళ్ళో అప్పిచ్చిన షావుకారుకే, అతను చెప్పిన ధరకే, అతని తూకానికే ఇచ్చుకోకుండా, నలుగురి మధ్య వేలంలో అమ్ముకోవాలని. వ్యాపారికి, కమీషన్ ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. మార్కెట్ రుసుము కొన్నవాడు కట్టాలి, రైతు మీద వెయ్యకూడదు. 2005లో కేంద్రం నమూనా చట్టాన్ని అనుసరించి దీన్ని సవరించి ప్రైవేటు మార్కెట్లకు, నేరుగా కొనుగోళ్ళకు, ఒప్పంద వ్యవసాయానికి దారి తెరిచారు.

ఈ సవరణల మీద చర్చ ఎప్పుడూ ఒకే రెండు పక్షాల మధ్య జరిగింది. వ్యాపారం తెరవాలా, అదుపులో ఉంచాలా అని. అది ముఖ్యమైన చర్చే. యార్డు బలహీనపడితే ముందు నష్టపోయేది కొంచెం పంట ఉన్నవాళ్ళే. అందులో స్త్రీలే ఎక్కువ. కానీ యార్డు బలంగా ఉన్న రోజుల్లో కూడా స్త్రీ అక్కడ ఏ స్థానంలో ఉంది? గుంటూరు మిర్చి యార్డు చుట్టూ శీతల గిడ్డంగుల్లో కూర్చుని కాయల తొడిమలు తీసే కూలీగా ఉంది. ఇంకోచోట నేల మీద రాలిన గింజ ఊడ్చి, ఎత్తి, చెరిగే కూలీగా ఉంది. అమ్మకందారుగా మాత్రం అరుదు. కాంటా దగ్గర నిలబడేది మగవాడు. తక్‌పట్టీ అతని పేరుతో వస్తుంది. అడ్తిలో తీసుకున్న అప్పు, వడ్డీ, కమీషన్ పట్టుకోగా ఏం మిగిలిందో అతను చెప్పినప్పుడే ఇంట్లో తెలుస్తుంది. ఏడాదంతా చేసిన పనికి లెక్క అడగడానికి ఆమె చేతిలో చీటీ ముక్క కూడా లేదు.

ప్రభుత్వ కొనుగోళ్ళలో ఇంకో విచిత్రం ఉంది. ధాన్యం కొనుగోలు కేంద్రాలను దాదాపు రెండు దశాబ్దాలుగా మహిళా సంఘాలు నడుపుతున్నాయి. మనం ఐకేపీ సెంటర్లంటాం. తేమ చూసేది, తూకం రాసేది, బస్తాలు లెక్కపెట్టేది, మిల్లువాళ్ళతో తగాదా పడేది సంఘం ఆడవాళ్ళు. కొనే పని మొత్తం స్త్రీలకు అప్పగించడానికి ప్రభుత్వానికి ఏ అభ్యంతరమూ లేకపోయింది. అదే కేంద్రానికి అమ్మడానికి వచ్చేవాళ్ళ పేర్లు తీయండి - పాసుపుస్తకం ఉన్నవాళ్ళ పేర్లు. డబ్బు పడేది ఆ పేరున్న బ్యాంకు ఖాతాలో. పత్తి దగ్గరా అంతే. 2025లో పత్తి సంస్థకు అమ్మాలంటే కపాస్ కిసాన్ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకుని ముందే రోజు తీసుకోవాలన్నారు. అక్కడ కూడా మొదట అడిగేది భూమి వివరమే. పనిముట్టు కొత్తదైనా ప్రశ్న పాతదే: భూమి ఎవరి పేరున ఉంది? పంట ఎవరు పండించారన్న ప్రశ్న ఎవరూ వేయరు.

ఇక కౌలు విషయం. ఒక స్త్రీని ఊహించుకోండి. భర్త లేడు, లేదా వలస పోయాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెట్టింది. కౌలు నోటిమాట మీదే జరిగింది. ముందే డబ్బు కట్టింది. విత్తనం, ఎరువు దుకాణంలో అరువు. పంట పోతే బీమా ఆమెకు రాదు. నష్టపరిహారం వస్తే యజమానికి వస్తుంది. పంట బాగా వస్తే మద్దతు ధరకు అమ్మడానికి యజమాని పాసుపుస్తకం బతిమాలి తెచ్చుకోవాలి. డబ్బు అతని ఖాతాలో పడ్డాక అతను ఇచ్చినప్పుడు తీసుకోవాలి. ఒకోసారి బ్యాంకు ఆ డబ్బును అతని పాత బాకీ కింద జమ కట్టుకుంటుంది. ఈ తిప్పలు మగ కౌలు రైతుకూ ఉన్నాయి. కానీ పదిసార్లు యజమాని గడప తొక్కడం, ఆఫీసుల చుట్టూ తిరగడం ఒంటరి స్త్రీకి, అందులోనూ దళిత స్త్రీకి, ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి చట్టం ఏం చేసింది? తెలంగాణ ప్రాంతానికి 1950 చట్టం, ఆంధ్ర ప్రాంతానికి 1956 చట్టం కౌలుదారుకు రక్షణ ఇచ్చాయి. ఆ రక్షణ భయంతోనే యజమానులు కాగితం రాయడం మానేశారు. కోనేరు రంగారావు భూమి కమిటీ 2006లో నివేదిక ఇచ్చిన తర్వాత, కౌలు రైతుల పోరాటాల ఒత్తిడితో, 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. భూమి మీద హక్కు అడగదు, సాగు చేస్తున్నట్టు ఒక ఏడాదికి గుర్తింపు ఇస్తుంది, రుణ అర్హత కార్డు ఇస్తుంది. యజమాని సంతకం పెట్టి తీరాలనే షరతు అందులో లేదు. విచారించి అధికారి ఇవ్వవచ్చు. అమలులో చాలా లోపాలున్నాయి. అదే సర్వే నంబరు మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకులు కార్డును పక్కన పెట్టేవి. అయినా దారి సరైన దారి.

2019లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పేరులో హక్కు చేరింది, లోపల యజమాని సంతకం చేరింది. 11 నెలల ఒప్పందం మీద అతను సంతకం పెడితేనే కార్డు. కౌలుదారును గుర్తించే అధికారం ప్రభుత్వం చేతిలోంచి యజమాని చేతిలోకి పోయింది. తెలంగాణలో 2011 చట్టం పుస్తకంలో ఉంది, కార్డులివ్వడం దాదాపు ఆగిపోయింది. దానికి తోడు భూరికార్డుల సవరణలో సాగుదారు ఎవరో చెప్పే అనుభవదారు కాలమ్‌ను తీసేశారు. కాలమ్ పోవడమంటే రాజ్యం కంటికి ఆ మనిషి కనబడకుండా పోవడం. చట్టాన్ని కొత్తగా రాయడం అన్నివేళలా ముందడుగు కాదని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నాయి.

పెట్టుబడి సాయం వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకే ఇచ్చారు. అదే ఏడాది మొదలైన రైతుబీమా, 5 లక్షల రూపాయలది, అదీ పట్టాదారుకే. అంటే ఇంట్లో పొలం పని చేసే భార్య చనిపోతే, పట్టా ఆమె పేరున లేదు కాబట్టి, రైతు చనిపోలేదని లెక్క. కౌలు రైతు అప్పులకు తాళలేక చనిపోతే అతని భార్య ఏ ఆఫీసుకు పోయినా మొదటి ప్రశ్న పాసుపుస్తకమే. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు సాయం చెయ్యమని 2004లో 421 జీవో వచ్చింది. అందులోనూ అతను రైతేనని, అప్పు సాగు కోసమేనని రుజువు చేసే భారం ఆమె మీదే పడుతోంది. నోటి కౌలుకు, వడ్డీ వ్యాపారి అప్పుకు కాగితం ఎక్కడ తెస్తుంది? భర్త పోయిన మర్నాటి నుంచి అప్పు మాత్రం ఆమెదే. దానికి ఎవరూ కాగితం అడగరు.

మన వాదనకు వచ్చే అభ్యంతరాలు కూడా చూద్దాం. గ్రామాల్లో మీరు ఇవి వింటూనే ఉంటారు.

మొదటిది, ఇంట్లో ఎవరి పేరున ఉంటే ఏమిటి, కుటుంబం ఒకటే కదా అని. కుటుంబం ఒకటే అయితే భార్య పేరున పెట్టడానికి ఇబ్బంది ఏముంది? ఇబ్బంది ఉంది కాబట్టే పేరుకు విలువ ఉందని అర్థమవుతోంది. రెండవది, యజమాని సంతకం లేకుండా కార్డిస్తే భూమి పోతుందని. సాగు గుర్తింపుకూ యాజమాన్యానికీ సంబంధం లేదని 2011 చట్టమూ చెప్పింది, 2019 చట్టమూ చెప్పింది. ఆ మాట ఊరూరా చెప్పాల్సింది ప్రభుత్వం. దాని బదులు కౌలుదారు హక్కునే తగ్గించడం న్యాయం కాదు. మూడవది మన మిత్రుల నుంచే వస్తుంది. ముందు భూమి మీద హక్కు సాధించాలి గానీ ఈ కార్డులెందుకు అని. భూమి హక్కు వదులుకోమని ఎవరూ అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పసుపు కుంకుమ ఇచ్చాం కదా అని సంతకం పెట్టించుకోవడం ఆగలేదు. ఆ పోరాటం సాగుతూ ఉండగానే ఈ ఏడాది పంట పెట్టిన స్త్రీకి ఈ ఏడాది అప్పు కావాలి, బీమా కావాలి. రెండూ చెయ్యాలి.

ఇవి సాధ్యమేనా అంటే, మన చట్టాల్లోనే దారులున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్‌లో, పెళ్ళయినవాళ్ళకిచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేర్లతో ఉండి తీరాలని రాశారు. అడవిలో సాధ్యమైంది మైదానంలో ఎందుకు కాదు? 2014లో తెలంగాణ దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం పెట్టినప్పుడు భూమి స్త్రీల పేరునే ఇస్తామంది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు బీడు భూములు కౌలుకు తీసుకుని కలిసి సాగు చేశాయి. 2007 జాతీయ రైతు విధానం రైతు అనే మాటలో కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, పశువులు మేపేవాళ్ళను, అటవీ ఉత్పత్తులు సేకరించేవాళ్ళను కూడా చేర్చింది. విధానంలో ఉన్న ఆ నిర్వచనం చట్టంలోకి రాలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన మహిళా రైతుల హక్కుల బిల్లు, స్త్రీ రైతుకు గ్రామసభ ఆమోదంతో ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. ఆ బిల్లు మురిగిపోయింది. కానీ వ్యవసాయం రాష్ట్రాల విషయం కాబట్టి, రాష్ట్ర శాసనసభ దాన్ని రేపే చెయ్యవచ్చు.

కాబట్టి సవరణలు ఎప్పుడు చర్చకు వచ్చినా మన సంఘాల తరఫున అడగాల్సినవి ఇవి.

ఒకటి: మార్కెట్, కౌలు, భూరికార్డు చట్టాలన్నిటిలో రైతు అంటే సాగు చేసే మనిషి అని, భూమి పేరున ఉన్నా లేకున్నా, స్పష్టంగా రాయాలి.

రెండు: ప్రతి పంటకాలంలో గ్రామసభలో సాగుదారుల జాబితా చదివి, అభ్యంతరాలు విని, గుర్తింపు కార్డులివ్వాలి. యజమాని సంతకం షరతు తీసెయ్యాలి. కలిసి సాగు చేసే స్త్రీల బృందానికి బృందం పేరుతోనే కార్డివ్వాలి.

మూడు: కుటుంబం సాగు చేసే భూమికి పాసుపుస్తకంలోనూ, సాగు కార్డులోనూ భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఒంటరి స్త్రీలకు వాళ్ళ పేరుతోనే ఇవ్వాలి. ఫౌతి మార్పిడిలో భార్యను, కూతుళ్ళను ఆఫీసుకు పిలిచి విడివిడిగా అడగకుండా వాటా వదులుకున్నట్టు రాయకూడదు.

నాలుగు: తక్‌పట్టీ, కొనుగోలు రసీదు, డబ్బు చెల్లింపు సాగుదారు పేరుతో జరగాలి. అమ్మినవాళ్ళలో స్త్రీలెందరో ప్రతి యార్డు లెక్క చెప్పాలి.

ఐదు: మార్కెట్ కమిటీలో నిజంగా సాగు చేసే స్త్రీలు ఉండాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ నామినేటెడ్ పదవుల్లో సగం స్త్రీలకిస్తూ చట్టం చేసింది. మంచిదే. ఆ కుర్చీలో భార్యను కూర్చోబెట్టి భర్త సంతకాలు పెట్టించే పద్ధతి పంచాయతీల్లో చూశాం. యార్డులో అది జరగకుండా సంఘాలు కాపలా కాయాలి. యార్డులో పనిచేసే ఆడకూలీలకు హమాలీలతో పాటు గుర్తింపు, నిర్ణయించిన రేటు, మరుగుదొడ్డి, నీడ ఉండాలి.

ఇవన్నీ చట్టంలో రాసినంత మాత్రాన ఇంట్లో డబ్బు స్త్రీ చేతికి వస్తుందని నేను చెప్పడం లేదు. ఖాతా ఆమె పేరున ఉన్నా ఏటీఎం కార్డు భర్త జేబులో ఉండొచ్చు. కానీ ఖాతా ఆమె పేరున లేకపోతే ఆ తగాదా పడే అవకాశం కూడా లేదు. హక్కు అంటే తగాదా పడటానికి కాళ్ళ కింద కొంత నేల.

చట్టం మారే దాకా చెయ్యగలిగిన పనులు ఉన్నాయి. మీరు పనిచేసే ఊళ్ళలో సాగు చేసే స్త్రీల జాబితా మీరే తయారుచెయ్యండి. సొంత భూమి ఎందరిది, కౌలు ఎందరిది, పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, పంట ఎవరి పేరున అమ్మారు - ఈ నాలుగు ప్రశ్నలు చాలు. ఆ జాబితాను గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. మీ మార్కెట్ కమిటీకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, నిరుటి సీజన్లో స్త్రీల పేరున ఎన్ని తక్‌పట్టీలు రాశారో అడగండి. వచ్చిన అంకె ఎంత చిన్నదైతే మన వాదన అంత బలపడుతుంది. ఐకేపీ సెంటర్లు నడిపే సంఘాల్లో ఈ విషయం ముందు చర్చించండి. కొనేవాళ్ళుగా కాంటా దగ్గర నిలబడిన ఆడవాళ్ళు అమ్మేవాళ్ళుగా కూడా తమ పేరు రాయమని అడగడం మొదలుపెడితే, ఆ మాట జిల్లా ఆఫీసు దాకా పోతుంది.

ముసాయిదాలు వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ ఉంటుంది. అప్పుడు లెక్కలు వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. వచ్చే ఖరీఫ్‌కు విత్తనం పెట్టేలోపు ప్రతి కార్యకర్త కనీసం ఒక ఊరి జాబితా పూర్తి చేస్తే, మన చేతిలో సరిపడా ఆధారం ఉంటుంది. ఏ ఊరు ఎవరు తీసుకుంటారో మధ్యాహ్నం జిల్లాల వారీగా కూర్చున్నప్పుడు రాసుకుందాం.